ముక్కుల లెక్క

పిల్లల వసతి భవనం,
మెట్ల పక్కన నా గది

చెల్లీ,

నీ కూతురు క్షేమంగా చేరింది. చేరీచేరగానే నా మంచమెక్కి నాలుగు గెంతులు గెంతి, నా కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "పెద్దమ్మా, నీకు లోకమంతా ఇలా అలుక్కుపోయినట్టు కనిపిస్తుందా, పాపం!" అంది. దానికి పిడుగని ముద్దుపేరు పెట్టింది నువ్వే కాబట్టి నేను ఎవర్నీ అనడానికి లేదు.

ఫోను చెయ్యలేదని అలగకు. పిల్లల ఫొటోలు బయటికి పోకూడదని ఈ కళోత్సవంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళ ఫోనూ గేటు దగ్గరే తీసుకుంటారు. పిల్లల సంరక్షకురాలినైన నాకూ మినహాయింపు లేదు. ఆదివారం ఆఫీసు గదిలోంచి పిల్లలు ఇంటికి ఒకసారి మాట్లాడొచ్చు. మనిద్దరికీ ఇక ఉత్తరాలే గతి. నీ కోడిగీతలు చదివి ఎన్నాళ్ళయిందో.

పిచ్చుకల నాటకం బాగా వస్తోంది. పన్నెండు మంది పిల్లలు, గోధుమరంగు ముసుగులు, గుడ్డతో కుట్టిన ముక్కులు. కళ్ళు తప్ప మరేమీ కనిపించవు. మన పిడుగు అదనపు పిచ్చుక. ఎవరికైనా జ్వరమొస్తే దీనికి వేషం దక్కుతుంది. అందాకా తెర పక్కన బల్ల మీద మొహం ముడుచుకుని కూర్చుంటుంది. అందరూ ఆరోగ్యంగా ఉన్నారని ఇంత బాధపడే పిల్లని నేనెక్కడా చూడలేదు.

తెర పక్కన చీకటి. తాళ్ళు, దీపాల తీగలు, అడుగు తప్పితే పడిపోయే నేలతలుపులు. అందుకే తెర లేవకముందు నేను గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి ముక్కు మీద వేలితో తడతాను. తట్టగానే వాళ్ళు "కిచ్" అనాలి. పన్నెండు కిచ్‌లు వినబడ్డాక "సరిపోయింది" అంటాను. ఆ మాట నా నోట రానిదే తాడు మనిషి తెర ఎత్తడు, డైరెక్టరమ్మ చెప్పినా ఎత్తడు. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. వేరే ఉత్సవాలవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. లెక్క తప్పితే ఆట ఆగిపోతుందని పిల్లలకి చెప్పాను, అది వాళ్ళకి వేదమైపోయింది. కాస్త గొప్పలు పోతున్నానని తెలుసు, పోనీ.

పాటల మాస్టారు నిన్ను అడిగానని చెప్పమన్నారు. మా బడి మూతపడ్డప్పుడు ఆయనే పూనుకుని ఈ ఉద్యోగం ఇప్పించకపోతే నేనేమయ్యేదాన్నో. పిల్లలతో పెద్దవాళ్ళెవరూ ఒంటరిగా ఉండకూడదని ఇక్కడ రూలు. మాస్టారికి మాత్రం లేదు. ఒక్కొక్కరినీ పైఅంతస్తు గదికి పిలిచి గొంతు సరిచేస్తారు, దానికి నిశ్శబ్దం కావాలి కదా. పిల్లలు ఆయన చుట్టూ ఈగల్లా మూగుతారు.

నీ పళ్ళ డాక్టరు ఇంకా నీమీద అరుస్తున్నాడా? రాయి.

అక్క


పళ్ళ ఆసుపత్రి వెనకగది,
భోజనాల వేళ

అక్కా,

అరవడం మానేశాడు. ఇప్పుడు మౌనవ్రతం. అది ఇంకా ఘోరం. ఏ పనిముట్టు కావాలో కళ్ళతో సైగ చేస్తాడు, నేను ఇంకోటి అందిస్తాను, కుర్చీలోని మనిషి నోరు తెరుచుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తాడు.

ఇల్లు బోసిగా ఉంది. మీ మరిది లిఫ్టులు బాగుచెయ్యడానికి ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు. పిల్లని అంత దూరం పంపడానికి ఆయన మొదట ససేమిరా అన్నారు. "మా అక్క కళ్ళలో వత్తులేసుకుని చూసుకుంటుంది" అన్నాను. అప్పుడుగానీ ఒప్పుకోలేదు.

నా సంతోషం నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదే, మా మంచి అక్కవి. పైకి రూళ్ళు మాట్లాడుతూనే దాని కోరిక తీర్చావన్నమాట! ఆదివారం ఫోనులో పిడుగు ఎగిరి గంతులేసింది. "అమ్మా, నేను పిచ్చుకనయ్యాను! ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అయ్యాను! ఎవరికీ తెలియదు" అంది. అంతలో ఆఫీసావిడ ఫోను పెట్టించేసింది. నువ్వు అంత బెట్టు చేసి ఉత్తరం రాశావు చూడు, నేను నమ్మేశాను. మర్నాడు ఆసుపత్రికి వచ్చిన ప్రతి ముసలమ్మకీ మా అమ్మాయి నాటకంలో వేసిందని చెప్పాను. నోట్లో గొట్టం ఉంది కాబట్టి పాపం వాళ్ళు కాదనలేకపోయారు.

దాని జుట్టు బిగించి దువ్వకు, తలనొప్పి వస్తుంది.

చెల్లి


వసతి భవనం

చెల్లీ,

నేనే కోరికా తీర్చలేదు. నీ కూతురు ఇంతవరకూ ఒక్కసారి కూడా వేషం కట్టలేదు. పన్నెండు మందీ ఉన్నారు, ఎవరికీ జ్వరం రాలేదు. రోజూ ముక్కులు తట్టి లెక్కపెడుతున్నది నేను. నా లెక్క ఎన్నడూ తప్పలేదు.

బల్ల మీద కూర్చుని కూర్చుని విసుగెత్తి నీకు కాకమ్మ కబుర్లు చెప్పి ఉంటుంది. ఆ వయసులో పిల్లలు కోతలు కొయ్యడం వింతేమీ కాదు, నువ్వూ కోసేదానివి. అయినా దాన్ని పిలిచి అడిగాను. నేల చూపులు చూస్తూ నీళ్ళు నమిలింది. అబద్ధమని అప్పుడే తెలిసిపోయింది. ఇంకోసారి ఇలాంటివి చెప్పొద్దని మందలించాను.

నేను పక్షపాతం చూపించానని నువ్వు ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పడం నాకు నచ్చలేదు. ఇక్కడ నాకో మాట, మర్యాద ఉన్నాయి. ప్రదర్శనలు దగ్గరపడుతున్నాయి, పనితో ఊపిరి సలపడం లేదు. వీలైతే మళ్ళీ రాస్తాను.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. కోపం సంగతి తర్వాత చూసుకుందాం.

మా పిడుగు అల్లరిది, పెంకిది, చెప్పిన మాట వినదు. అబద్ధం మాత్రం దానికి చేతకాదు. అద్దం పగలగొట్టినా వచ్చి "నేనే" అని నిలబడే పిల్ల అది. అది నేల చూపులు చూసి నీళ్ళు నమిలిందంటే అబద్ధం చెప్పినందుకు కాదు. చెప్పకూడదని ఎవరో ఒట్టు వేయించుకున్నందుకు.

ఈ ఆదివారం మళ్ళీ మాట్లాడాను. గొంతులో మునుపటి హుషారు లేదు. "ఆ ముసుగుకి మెడ దగ్గర తీగ పైకి లేచిందమ్మా, గీసుకుపోయింది, మంట" అంది. ఎవరి ముసుగే అని అడిగితే, "మూడో పిచ్చుకది. ఆ అక్క పైకి వెళ్ళినప్పుడు నేను వేసుకోవాలి" అంది. పైకంటే ఎక్కడికి అనేలోపు ఫోను పెట్టేయించారు.

దాని మెడ చూడు. గీత లేకపోతే నీ కాళ్ళ మీద పడి క్షమాపణ చెప్పుకుంటాను. ఉంటే మాత్రం, దాని గురించి కాదు నేనడిగేది. ఆ ముసుగులో నా కూతురుంటే, ఆ ముసుగు తాలూకు పిల్ల ఆ సమయంలో ఎక్కడుంది?

నేను రోజూ పిల్లల నోళ్ళు చూస్తుంటాను. నొప్పిగా ఉన్నవాళ్ళు ఏడుస్తారు, తంతారు, డాక్టరు వేలు కొరుకుతారు. వాళ్ళతో నాకు దిగుల్లేదు. అలవాటైపోయినట్టు చప్పుడు చెయ్యకుండా నోరు తెరిచే పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. నా దిగులంతా వాళ్ళతోనే.

వెంటనే చూడు.

చెల్లి


వసతి భవనం

చెల్లీ,

మెడ మీద గీత ఉంది.

జరిగింది జరిగినట్టు చెప్తాను.

గీత చూసిన మర్నాడు సాధనలో మామూలుగానే ముక్కులు తట్టాను. పన్నెండు కిచ్‌లూ వినబడ్డాయి. "సరిపోయింది" అనకుండా, ముసుగులు తియ్యమన్నాను. మూడో ముసుగులోంచి మన పిడుగు మొహం బయటపడింది. బల్ల ఖాళీగా ఉంది. అదనపు పిచ్చుక బల్ల మీద లేదని ఇన్నాళ్ళూ ఎందుకు గమనించలేదని అడుగుతావు. అది నిలకడ లేని పిల్ల కదా, మంచినీళ్ళకో దేనికో పోయి ఉంటుందనుకునేదాన్ని. నా ధ్యాసంతా పన్నెండు మీదే. ముక్కులు లెక్కపెట్టాను గానీ మొహాలు చూడలేదు.

"ఎందుకు వేసుకున్నావే?" అంటే ఏడ్చేసింది. "లెక్క తప్పితే ఆట ఆగిపోతుందని నువ్వేగా చెప్పావు పెద్దమ్మా. మాస్టారు అక్కని పైకి పిలిచినప్పుడల్లా నన్ను వేసుకోమన్నారు. నీకు చెప్తే అక్కని ఆటలోంచి తీసేస్తారన్నారు" అంది.

పైకి పరుగెత్తాను. గది లోపల గడియ వేసి ఉంది. తలుపు బాదితే చాలాసేపటికి మాస్టారు తీశారు. నవ్వుతూనే ఉన్నారు. "గొంతు పట్టేసిందమ్మా దీనికి" అన్నారు. పన్నెండేళ్ళ పిల్ల, కిటికీ వైపు తిరిగి, ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. నేను పిలిస్తే తిరిగి చూడలేదు. ఆ పిల్లని చూశాక నేనెవర్నీ ఏమీ అడగక్కర్లేకపోయింది. చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. నీళ్ళిస్తే తాగింది. మాట్లాడలేదు.

తిన్నగా డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తలుపు వేసి, నన్ను కూర్చోబెట్టి, "మీరు కళ్ళారా చూసింది ఏమిటి? గడియ. అంతేగా?" అంది. ఆ తర్వాత, "ఉత్సవం అయిపోనివ్వండి, ఆయన్ని మర్యాదగా పంపించేద్దాం. ఇప్పుడు గోల చేస్తే ముందు అల్లరిపాలయ్యేది ఆ పిల్లే" అంది. నేను మాస్టారు పెట్టిన భిక్ష తింటున్నానని కూడా గుర్తుచేసింది. ఆ మాట ఆవిడ అనకముందే నా బుర్రలో తిరుగుతోంది, అదే నాకు సిగ్గు.

పిడుగుకి ఒంట్లో బాగాలేదని చెప్పి రేపు పొద్దున వార్డెను తోడుతో పంపించేస్తున్నాను. దాన్ని ఇక ఒక్క పూట కూడా ఇక్కడ ఉంచను. మూడో పిచ్చుకని నా గదిలోనే పడుకోబెట్టుకుంటున్నాను. ఆ పిల్ల తల్లి ఎక్కడో ఓడలో పనిచేస్తుందట, కబురు అందడం కష్టం.

చివరి ప్రదర్శన దాకా ఓపిక పట్టు. నువ్వు తొందరపడి ఎక్కడా నోరు జారకు. నీకు దణ్ణం పెడతాను.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

పిడుగు చేరింది. అన్నం కలిపి పెడితే తింది, స్నానం చేయిస్తే చేయించుకుంది, పడుకోమంటే పడుకుంది. దాన్నెన్నడూ ఇంత బుద్ధిమంతురాలిగా చూడలేదు. దాని ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నెమ్మదిగా, అన్ని విధాలా అడిగి తెలుసుకున్నాను.

తల్లిగా నీకు రుణపడి ఉన్నాను. ఆ మాట ముందు చెప్పేసి, రెండోది చెప్తాను.

నిన్న పొద్దున అది నన్నడిగింది: "నేనొచ్చేశాను కదా, ఇప్పుడు అక్క పైకి వెళ్తే ముసుగు ఎవరు వేసుకుంటారు?" దీనికి జవాబు నీ దగ్గరుందా? మన పిల్లని బండెక్కించావు. మిగతా వాళ్ళనందరినీ ఆ మనిషి కింద, ఆ గడియ కింద వదిలేసి, చివరి ప్రదర్శన దాకా ఓపిక పట్టమని నాకు రాస్తున్నావు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుంటున్నావు సరే, పగలంతా నువ్వు గుమ్మం దగ్గర ముక్కులు తడుతుంటావు కదక్కా. ఆయనకి నీ లెక్క నీకంటే బాగా తెలుసు. నీ పద్ధతినే అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండు కిచ్‌లు వినబడితే నువ్వు తల తిప్పి చూడవని తెలుసుకున్నాడు.

అల్లరిపాలవుతుందట! ఆ పిల్లకి ఇంకా పోవడానికి ఏం మిగిలిందని?

ఉద్యోగం పోతుందని భయమా? పోతే మా ఇంటికి రా. మా డాక్టరు మౌనవ్రతానికి ఇంకో మనిషి తోడుంటే నాకూ కాలక్షేపం. నేను హాస్యానికి అనడం లేదు. ఈ ఉత్తరం అందిన రోజే నువ్వు పోలీసులకి చెప్పకపోతే, మర్నాడు నేనే చెప్తాను. నిన్ను కూడా వదలను.

చెల్లి


రైలు స్టేషను ఎదురుగా లాడ్జి

చెల్లీ,

నీ ఉత్తరం అందేసరికే జరగాల్సింది జరిగింది. నేను ముందే మేలుకున్నానని చెప్పుకోవడానికి కాదు రాస్తున్నది. ఒక పూట ముందు మేలుకుని ఉంటే ఆ పిల్లకి ఇంకో గాయం తప్పేది.

బడిపిల్లల కోసం వేసిన పగటి ఆట. హాలు నిండా పిల్లలే, ఈలలు, చప్పట్లు. ఆ రోజు పొద్దుటి నుంచీ మూడో పిచ్చుకని నా పక్కనే ఉంచుకున్నాను. వేషం కట్టడానికి మేకప్ గదిలోకి పంపింది మాత్రం నేనే. అక్కడ పదిమంది ఆడవాళ్ళున్నారు, ఏం భయమనుకున్నాను. గుమ్మంలో ముక్కులు తట్టాను. పన్నెండు కిచ్‌లు. తాడు మనిషి నా నోటి వైపు చూస్తున్నాడు. వాళ్ళని వరసలో నిలబెట్టి ముసుగులు తీయించాను. మూడో దాంట్లో, ఆటలో మబ్బులుగా నిలబడే పిల్లల గుంపులోంచి తెచ్చిన చిన్నది, ఏడేళ్ళుంటాయేమో, నన్ను చూసి ముద్దుగా మళ్ళీ "కిచ్" అంది.

డైరెక్టరమ్మ వెనకనుంచి, "పన్నెండూ ఉన్నారుగా, కానివ్వండి" అంది. "లెక్క తప్పింది" అన్నాను. "ఎలా తప్పింది, మీ కళ్ళెదురుగానే ఉన్నారు!" అంది. నేను మళ్ళీ అదే మాట గట్టిగా అన్నాను. ఇలా అరిచి ఎరగను. తాడు మనిషి తాడు వదిలేసి చేతులు కట్టుకున్నాడు. ఆవిడ అతన్ని తిట్టింది, ఉద్యోగం తీసేస్తానంది. "ఆ అమ్మ సరిపోయిందనాలండి, నాకు తెలిసింది అంతే" అన్నాడు.

అతన్నీ, దీపాల మనిషినీ వెంటపెట్టుకుని పైకి వెళ్ళాను. ఈసారి తలుపు తట్టలేదు, విరగ్గొట్టాం. అక్కడ చూసింది రాయను. పోలీసులకి చెప్పాను, జడ్జికి చెప్తాను. నీకు చెప్పను. పిల్లని నా కొంగులో చుట్టి కిందికి తెస్తుంటే మెట్ల మీద మొదటిసారి నోరు విప్పింది. చెల్లీ, ఆ పిల్ల నాకు సంజాయిషీ చెప్పుకుంది. "నేను లేకపోయినా లెక్క సరిపోతుంది కదండీ, మాస్టారు చెప్పారు" అంది.

 

ఆయన్ని తీసుకెళ్ళారు. అనివార్య కారణాల వల్ల ప్రదర్శన రద్దయిందని గేటుకి కాగితం అంటించారు. నన్ను ఆ సాయంత్రమే గది ఖాళీ చెయ్యమన్నారు, తాడు మనిషిని కూడా. పిల్ల ఆసుపత్రిలో ఉంది. దాని తల్లికి కబురందింది, దారిలో ఉందట. నేను పగలంతా ఆ మంచం పక్కన కూర్చుంటున్నాను. ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఉంటుంది. కూర్చోవద్దని మాత్రం అనడం లేదు.

ఇక అసలు సంగతి. ఇది ఈ ఒక్కసారే జరిగిందని ఆయన వకీలు వాదిస్తున్నాడట. ముసుగు వేసుకోమని ముందునుంచీ చెప్తూ వచ్చింది ఆయనేనని చెప్పగలిగింది మన పిడుగొక్కతే. మబ్బు వేషం చిన్నది భయంతో నోరు మెదపడం లేదు. కేసు చూస్తున్న ఆఫీసరమ్మ నెమ్మదైన మనిషి, పిల్ల పక్కన తల్లి ఉండగానే అడుగుతానంది. తీసుకొస్తావా? తీసుకురాకపోయినా నిన్నేమీ అనను. అనడానికి నాకు మొహం లేదు.

అక్క


పళ్ళ ఆసుపత్రి

అక్కా,

జవాబు ఆలస్యమైంది. నిన్ను అన్ని మాటలన్నదాన్ని కదా, నీ ఉత్తరం రాగానే దాన్ని పనిముట్ల సొరుగులో అడుగున దాచేశాను. మీ మరిదికి చూపించలేదు. పిల్ల తిరిగొచ్చింది, అన్నం తింటోంది, నిన్న కాస్త అల్లరి కూడా చేసింది. దాన్ని మళ్ళీ ఆ ఊరు తీసుకెళ్ళి, ఆ మనిషి పేరు ఎత్తించి, వకీళ్ళ ముందు నిలబెట్టనా? నా పిల్లకేమీ కాలేదు కదా అనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. నిన్ను తిట్టిన నోటితోనే.

చివరికి మీ మరిదికి చెప్పాను. ఆయన వద్దన్నారు. నేనూ వద్దనే అన్నాను. ఇద్దరం ఒక మాట మీదికి వచ్చామని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని చూస్తే పిడుగు గుమ్మంలో నిలబడి ఉంది.

"మూడో పిచ్చుక అక్క మాట్లాడుతోందా?" అంది.

లేదన్నాను.

"నేను చెప్తే ఆ అక్కకి నయమైపోతుందా?"

తెలియదన్నాను. అబద్ధం చెప్పాలనిపించింది గానీ దాని ఎదుట నాకు అబద్ధం రాదు.

అది కాలివేలితో గడప గీకింది. "నేను వేసుకోకపోతే లెక్క అప్పుడే తప్పేది. అప్పుడే అందరికీ తెలిసేది" అంది. దానికి ఎనిమిదేళ్ళు. నేను వెళ్ళి దాని పక్కన గడప మీద కూర్చున్నాను. నీ తప్పు కాదమ్మా, పెద్దవాళ్ళ తప్పు అని ఎన్నిసార్లు చెప్పానో. తల ఊపింది గానీ నమ్మలేదు. ఇప్పట్లో నమ్మదు. ఎప్పటికైనా నమ్మాలంటే ముందు ఆ ఆఫీసరమ్మకి చెప్పుకుని భారం దించుకోవాలని నాకర్థమైంది. మీ మరిది లేచి వెళ్ళి టిక్కెట్లు తెచ్చారు.

ఎల్లుండి మధ్యాహ్నానికి ముగ్గురం దిగుతాం. నువ్వు స్టేషనుకి రా. పిడుగు నీకు ఒక సంగతి చెప్పమంది, అది చెప్పినట్టే రాస్తున్నాను.

"పెద్దమ్మ నా ముక్కు తట్టొద్దని రాయి. తట్టినా నేను కిచ్ అనను. నా మొహం చూడమను."

చెల్లి